మూడు స్టాపుల నీడ

కుడి కంటికి శుక్లం తీయించుకున్న వారానికి మా హాలు నాకు కొత్తిల్లులా కనబడింది. రాత్రికి రాత్రి ఎవరో గోడలకు సున్నం కొట్టి వెళ్లినట్టుంది. ఏళ్ల తరబడి గోధుమ రంగనుకున్న సోఫా గుడ్డ తెలుపని అప్పుడు తెలిసింది. మా ఆవిడ కట్టుకున్న నీలం చీర చూసి "ఇదెప్పుడు కొన్నావు?" అంటే, "షష్టిపూర్తికి మీరే కొన్నారు. నలుపు బాగుంటుందన్నారు," అంది. ఎడమ కంటిది ఇంకా ముదరలేదు, ఆగమన్నారు డాక్టరుగారు. కుడి కన్నొక్కదానితోనే నాకు ప్రపంచమంతా పట్టపగలైపోయింది.

ఆ హుషారులో రాజమండ్రి పెళ్లికి వెళ్లి వస్తూ, కడియంలో ఆగి ఒక గాలిమొక్క కొన్నాను. కుండీ లేదు, మట్టి లేదు. అనాసపండు నెత్తినుండే పిలకను అరచేతిలో ఇమిడేంత చేసి, పైన కాస్త విబూది చల్లినట్టుంది. తర్వాత చదివితే నిజంగానే అనాసకు చుట్టమని తేలింది, రెండిటిదీ ఒకటే కుటుంబం. చీటీ మీద పేరు టిలాండ్సియా అయొనాంథా అని రాసుంది. అమ్మిన కుర్రాడు అంత పేరు పలకలేదు. "మట్టక్కర్లేదండి, గాలి తినేసి బతికేత్తాదండి. ఎక్కడెట్టినా పర్లేదండి," అన్నాడు.

ఆ "ఎక్కడెట్టినా" నన్ను ముంచింది.

విజయవాడ వచ్చాక దాన్ని గాజు గోళంలో పెట్టి, హాల్లో టీవీ పక్కన షోకేసు పై అరలో కూర్చోబెట్టాను. కిటికీకి పద్నాలుగు అడుగుల దూరం. పైన పసుపుపచ్చ సీలింగు లైటొకటి. "చీకటి మూల కదండీ," అంది మా ఆవిడ. నాకు నవ్వొచ్చింది. నలభై ఏళ్లు తెనాలిలో ఫోటో స్టూడియో నడిపినవాణ్ణి. వెలుతురు కొలిచి, కత్తిరించి, పాస్‌పోర్టు సైజులో అమ్ముకుని ఇద్దరు పిల్లల్ని చదివించినవాణ్ణి. పైగా కొత్త కన్ను. ఆ మూల నాకు ధగధగలాడిపోతోంది మరి.

రోజు మార్చి రోజు నీళ్లు చిలకరించాను. రెండు నెలలకు మొక్క పచ్చబడింది. బూడిద రంగు పోయి, ఆకులు సాగి, విప్పుకుని, కాస్త వాలాయి. వచ్చినవాళ్లకు "ఏపుగా పెరుగుతోంది చూశారా" అని చూపించాను కూడా. నాలుగో నెలలో ఒక పొద్దున దుమ్ము తుడుద్దామని పట్టుకుంటే నడిమి మొవ్వ నా వేళ్లకు ఊడొచ్చింది. అడుగున నల్లగా, మెత్తగా, కుళ్లిన వంకాయ తొడిమలా ఉంది. అది ఏపు కాదు. వెలుతురు ఎటుందో తెలియక, ఉన్న ఓపికంతా ఆకుల్లోకి సాగదీసుకుని వెతుక్కుంది పాపం.

మా వృత్తిలో చావుకు రెండే పేర్లు: ఓవర్, అండర్. ఓవరైన నెగటివ్ నల్లగా మాడి ఉంటుంది. అండరైంది గాజుముక్కలా తేలిపోతుంది, అందులో మనిషి ఉన్నాడో లేడో దీపానికెత్తి చూసుకోవాలి. ఓవరైన దాన్ని డార్క్‌రూములో తంటాలు పడి కొంతైనా కాపాడొచ్చు. అండరైన దాంట్లో ఏమీ లేదు, లేనిదాన్ని ఎవడూ తేలేడు. నా మొక్క అండరైంది.

తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో తెల్లవారుజాము ముహూర్తాలకు ఫోటోలు తీసే రోజుల్లో ప్రతి పెళ్లిలో ఒక మేనమామ ఉండేవాడు. తాటాకు పందిరి, రెండు ట్యూబులైట్లు. "ఇంత వెలుతురుంటే ఫ్లాష్ ఎందుకయ్యా, పిల్ల కళ్లు చెదిరిపోతున్నాయి," అని గదిమేవాడు. ఆయన అబద్ధమాడటం లేదు. ఆయన కంటికి నిజంగానే అంతా కనబడుతోంది. నా రీలుకే కనబడటం లేదు. వాదించలేక "చిత్తం" అని, ఆయన అటు తిరగ్గానే ఫ్లాష్ కొట్టేవాణ్ణి. నలభై ఏళ్ల పాటు లోపల్లోపల నవ్వుకున్న ఆ మేనమామ పాత్ర ముసలితనంలో నాకే వచ్చింది.

అటక మీద పెట్టె దించి పాత లైటుమీటరు తీశాను. తెల్లటి బొడిపె ఉండే సెలీనియం మీటరు. దానికి బ్యాటరీ ఉండదు, మీద పడిన వెలుతురుతోనే ముల్లు కదిలించుకుంటుంది. అదీ వెలుతురు తిని బతికేదే. ముసలిదైపోయింది గనక దాని మాట పూర్తిగా నమ్మక, పక్కన ఫోనులో ఒక మీటరు యాప్ కూడా పెట్టుకున్నాను. పదకొండు గంటలకు డాబా ఎక్కి ఎండలో మొదలుపెట్టాను. వంద స్పీడు ఫిల్ముకు పదహారు అపర్చరు, నూటపాతిక షట్టరు అని మీటరు చూడకుండానే వేళ్లకొచ్చే లెక్క అది. అక్కణ్ణుంచి మెట్లు దిగుతూ కొలుచుకుంటూ వచ్చాను. బాల్కనీలో, నీడపట్టున, మూడు స్టాపులు పడింది. కిటికీ లోపల అద్దం పక్కనే ఇంకొకటిన్నర. సోఫా దగ్గర మరో రెండు. షోకేసు చేరేసరికి మొత్తం తొమ్మిది.

స్టాపంటే సగం. ఒకటి తగ్గితే సగం, రెండు తగ్గితే పావు, మూడు తగ్గితే అరపావు. తొమ్మిది తగ్గితే 512లో ఒక వంతు. లక్సుల్లో చెబితే డాబా మీద దాదాపు 80,000, షోకేసు మీద 150 పైచిల్లర. రూపాయి చేతిలో పెట్టాల్సిన చోట పైసాలో అయిదో వంతు పెట్టి, నాలుగు నెలలు బతకమన్నాను. అదీ బతికింది, నాలుగు నెలలూ.

కన్నెందుకిలా మోసం చేస్తుంది? మోసం కాదు, మర్యాద. కంటిపాప ముడుచుకుంటే 2 మిల్లీమీటర్లు, బాగా విప్పారితే 8. వైశాల్యంలో 16 రెట్లు, అంటే నాలుగు స్టాపులు. నా వయసులో అంత కూడా విప్పారదు. మిగిలిన స్టాపులన్నీ లోపల రెటీనా, మెదడూ కూడబలుక్కుని చేసే టచింగే. బుగ్గ మీద మచ్చ మేం పెన్సిలుతో ఎలా తీసేసేవాళ్లమో, గదిలో చీకటిని అవి అలా తీసేస్తాయి. మనకు దారి కనబడాలి, మనిషి ముఖం పోల్చుకోవాలి, అంతే వాటి పని. వెలుతురు ఎంతుందో చెప్పడం వాటి ఉద్యోగం కాదు. మొక్కకు అలా సర్దిచెప్పేవాళ్లెవరూ లేరు. పడిందే లెక్క.

"తక్కువైతేనేం, రోజంతా ఉంటుందిగా" అనే వాదన కూడా నేను చేసుకున్నాను. అందులో సగం నిజముంది. ఫిల్ము వెలుతురును కూడబెట్టుకున్నట్టే మొక్కా రోజు మొత్తం మీద కూడబెట్టుకుంటుంది. అందుకే కిటికీ లేని ఇళ్లలో వాళ్లు తెల్లటి ఎల్‌ఈడీ గొట్టాల కింద, అడుగు దూరంలో, పన్నెండేసి గంటలు పెట్టి వీటిని బాగానే పెంచుతున్నారు. కానీ కూడబెట్టడానికీ ఒక అడుగు ఉంటుంది. 1992 కృష్ణా పుష్కరాల్లో ప్రకాశం బ్యారేజీ మీద దీపాలు తీశాను. మీటరు పది సెకన్లంది, పది సెకన్లిచ్చాను. రీలు కడిగితే అండర్. మరీ సన్నటి వెలుతురులో ఫిల్ము బద్ధకిస్తుంది, లెక్క ప్రకారం ఇచ్చినదాన్ని లెక్కలో వేసుకోదు. మర్నాడు ముప్ఫై ఇస్తే గానీ బొమ్మ రాలేదు. మొక్క ఇంకా మొండిది. బతికున్నందుకు రోజూ అయ్యే ఖర్చు కొంతుంటుంది కదా, ఆ ఖర్చుకు సరిపడా వెలుతురు లేకపోతే ఎన్ని గంటలిచ్చినా మిగిలేది అప్పే. షోకేసు మీద నా మొక్క నాలుగు నెలలూ మూలధనం తిని బతికింది.

నీళ్లు కూడా దాన్ని చంపడానికే సాయపడ్డాయి. ఈ జాతికి వేళ్లు కొమ్మను పట్టుకోడానికే, నీళ్లు తాగేది ఆకులు. ఆకుల మీద వెండి పొడిలా కనబడేవి సన్నటి పొలుసులు. తడి తగలగానే అవి నీళ్లు పీల్చుకుని పారదర్శకమవుతాయి, లోపలి పచ్చ బయటపడుతుంది. ఆరితే మళ్లీ బూడిద రంగు. ఎండ ఎక్కువైన చోట అవే గొడుగులా వెలుతురును వెనక్కి కొడతాయి. ఈక్వెడార్, పెరూల్లో ఆండీస్ కొండల మీద పెరిగే టెక్టోరమ్ అనే రకమైతే దూదిపింజే. అందుకని చూడగానే ఒక అంచనాకు రావచ్చు: ఎంత నెరిసి ఉంటే అంత ఎండ ఓర్చుకుంటుంది, ఎంత నున్నగా పచ్చగా ఉంటే అంత నీడ కోరుతుంది. (మనుషుల్లో ఇది చెల్లదు. నేను నెరిశాక ఎండకు పనికిరాకుండా పోయాను.) నీళ్లు పడ్డాక మూడు నాలుగు గంటల్లో ఆరిపోవాలి. ఆరబెట్టేది గాలీ వెలుతురూ. చీకటి మూలన, గాజు గోళంలో, ఆ రెండూ లేక అడుగున తడి నిలిచి కుళ్లింది. కిటికీ దగ్గర ప్రాణం పోసే నీళ్లే ఆ మూలన ప్రాణం తీశాయి.

ఈ మొక్కకు టిలాండ్సియా అని పేరు పెట్టినాయనా నాలాంటివాడే. పదిహేడో శతాబ్దంలో, ఇప్పటి ఫిన్లాండ్‌లోని టుర్కు నగరంలో ఎలియాస్ టిలాండ్స్ అని ఒక వృక్షశాస్త్రవేత్త ఉండేవాడు. ఒకసారి సముద్రం మీద ప్రయాణంలో వాంతులతో నానా యాతనా పడి, ఆ తర్వాత పడవెక్కడమే మానేసి, బోత్నియా సింధుశాఖ చుట్టూ వెయ్యి కిలోమీటర్ల పైగా నేల మీదే తిరిగి వెళ్లాడని, 'నేల దారి' అనే అర్థం వచ్చేలా పేరు కూడా మార్చుకున్నాడని చెబుతారు. తర్వాతి శతాబ్దంలో, మొక్కలకు పేర్లు పెట్టే శాస్త్రవేత్త లినేయస్ వీటి పొడి వాలకం చూసి, వీటికీ నీళ్లు గిట్టవనుకుని ఆయన పేరు పెట్టాడు. గిట్టకపోవడమేమిటి! పెరూ తీరపు ఇసుక ఎడారుల్లో వీటి చుట్టాలు వేళ్లు కూడా లేకుండా పొగమంచు తాగి బతుకుతున్నాయి. లినేయస్‌కు నీటి సంగతి తప్పింది, కడియం కుర్రాడికి తిండి సంగతి తప్పింది. నేనైతే నా సొంత విద్యలోనే తప్పాను.

రెండో మొక్కను తెచ్చి, పట్టుదలగా ట్యూబులైటు కింద పెట్టి, రాత్రింబవళ్లు ఆర్పలేదు. అండరయ్యే ప్రసక్తే ఉండకూడదని. మళ్లీ తప్పే. ఇవి పగటిపూట ఎండకు నీళ్లు ఎగిరిపోకుండా ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరుస్తాయి. చీకట్లో బొగ్గుపులుసు వాయువు పీల్చి, నిజంగానే పులుసు చేసి దాచుకుంటాయి. ఆపిల్ పుల్లదనానికి కారణమైన మాలిక్ ఆమ్లమే అది. తెల్లవారాక తలుపులేసుకుని, దాచిన పులుసుతో, కొత్త వెలుతురుతో వంట. రాత్రిపూట తడిపితే ఊపిరాడదని, నీళ్లు పొద్దున్నే పోయమనేది అందుకే. అంటే దానికీ ఒక డార్క్‌రూము కావాలి. నలభై ఏళ్లు రాత్రిళ్లు ఎర్రలైటు కింద నిలబడినవాణ్ణి, ఎవరైనా చటుక్కున తలుపు తీస్తే బూతులు తిట్టినవాణ్ణి, దాని డార్క్‌రూము తలుపు వారం రోజులు బార్లా తీసిపెట్టాను.

దారి చూపించింది మా అబ్బాయి. వాడు టెక్సాస్‌లో ఆస్టిన్‌లో ఉంటాడు. వీడియోలో గోడు వెళ్లబోసుకుంటే, "నాన్నా, ఇవి మా వీధి నిండా ఉన్నాయి, డబ్బులిచ్చి పీకించుకుంటారు," అని ఫోను పైకి తిప్పాడు. ఓక్ చెట్టు కొమ్మల నిండా పిచ్చుక గూళ్లలా గుండ్రటి ముద్దలు. బాల్ మాస్ అంటారట. పేరుకు నాచే గానీ నాచు కాదు, టిలాండ్సియా రికర్వాటా. కరెంటు తీగల మీద కూడా కాపురం పెడుతుంది. మా ఆవిడ చూసి "బదనికలా ఉందే, చెట్టును తినేస్తుందేమో," అంది. బదనిక కాదు. కొమ్మ దీనికి అరుగు మాత్రమే, చెట్టు రసం ఒక్క చుక్క ముట్టదు.

నాకు అసలు ప్రశ్న అప్పుడు తట్టింది. "ఒరే, నీ ఫోనులో మీటరు యాప్ వేసి, ముందు రోడ్డు మీద ఎండలో కొలిచి చూడు. తర్వాత నిచ్చెనేసుకుని ఆ ముద్ద పక్కన కొలిచి చూడు." వాడు తిట్టుకుంటూనే చేశాడు. తేడా మూడు స్టాపులు. గాలికి ఆకు కదిలితే రెండు, మళ్లీ మూడు, ఒక్కోసారి నాలుగు. ఈ జాతి పుట్టింట్లో తినే తిండి అది. చెట్టు జల్లెడ పట్టి వదిలిన ఎండ. నా బాల్కనీ లెక్క, ఆ ఓక్ చెట్టు లెక్క దాదాపు ఒక్కటే, పదివేల లక్సుల చుట్టుపక్కల. మా షోకేసే దానికి ఆరు స్టాపుల కింద ఉంది.

మొక్కల పుస్తకాలు ఈ వెలుతురుకు 'ప్రకాశవంతమైన పరోక్ష కాంతి' అని రాస్తాయి. ప్రభుత్వ కరపత్రం చదివినట్టుంటుంది. ఇంత ఎండ కాసే దేశంలో ఉన్నాం, మనకు మాటలు లేవా? లేతెండ, నీరెండ, ఎర్రటెండ, మండుటెండ. ఆకుల సందుల్లోంచి నేల మీద పడే ముక్కకు ఎండపొడ. దేన్నీ మీటరు పెట్టి కొలవక్కర్లేదు, వీపుకు తెలుస్తుంది. ఈ మొక్కకు కావలసింది పొద్దుటి నీరెండ ఓ గంటా రెండు గంటలు, మిగిలిన పగలంతా నీడపట్టు వెలుతురు. ఎర్రటెండ పనికిరాదు. ఎండపొడే సోకని రాణివాసపు స్త్రీలకు పండితులు 'అసూర్యంపశ్య' అని పేరు పెట్టి మురిసిపోయారు. గాజు గోళంలో పెట్టి నేనూ ఒక అసూర్యంపశ్యనే పెంచాను. ఆ రాణులెలా బతికారో ఎవరూ రాయలేదు.

ఇక ఏ కిటికీ? పుస్తకాలేమో దక్షిణపు కిటికీ శ్రేష్ఠం అంటాయి. రాసినవాళ్లు లండన్‌లాంటి చోట ఉండి రాశారు. అక్కడ డిసెంబరు 21 మధ్యాహ్నం సూర్యుడు 15 డిగ్రీలకు మించి లేవడు. మనకు అదే రోజు విజయవాడలో 50 డిగ్రీలు. మా గురువుగారిది గాజు పెంకుల డేలైటు స్టూడియో. "ఉత్తరం వెలుతురు మెత్తన, దానికి కోపం రాదు," అనేవారు. అదీ చలిదేశాల చిత్రకారుల దగ్గర్నుంచి వచ్చిన పాఠమే. జూన్‌లో పొద్దున్నే ఉత్తరపు గాజుల్లోంచి ఎండ సూటిగా ఊడిపడి కస్టమర్ల ముక్కు మీద గీత గీసేది. గురువుగారు తువ్వాలు అడ్డం కట్టేవారు గానీ పాఠం మార్చలేదు. మన దగ్గర మే మొదటి వారంలో సూర్యుడు నడినెత్తికొచ్చి, నీడ కాళ్ల కిందికెళ్లిపోయి, అక్కణ్ణుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నాలు ఉత్తరం వైపే ఉంటాడు. ఆ మూడు నెలలూ దక్షిణపు కిటికీయే చల్లన.

కాబట్టి మా ఇంట్లో మొక్కకు రెండిళ్లు. చలికాలం దక్షిణపు కిటికీ లోపల, జాడీలూ గోళాలూ లేకుండా, ఒక ఎండుకొమ్మ మీద. వేసవికి తూర్పు బాల్కనీ, దోమల వల వెనక. పడమర వైపుకు మే నెలలో మనిషినే పోనివ్వం. మారుస్తున్నప్పుడు వారం పది రోజులు అంచెలంచెలుగా జరపాలి. రెండో మొక్కను ట్యూబులైటు కింద నుంచి తిన్నగా తీసుకెళ్లి బాల్కనీ గట్టు మీద పెడితే ఒక్క మధ్యాహ్నంలో ఒకవైపు కొసలు తేనెరంగుకు మాడాయి. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, నెగటివ్ మీద గీతలాగా, పోదు. వెలుతురు పెరిగింది గనక నీళ్లూ పెంచాం. వారానికి రెండుసార్లు పొద్దున అరగంట నీళ్లలో ముంచి, తలకిందులుగా విదిలించి, ఫ్యాను గాలికి పెట్టడం మా ఆవిడ పని. కొలతలు నావి, సేవ తనది. స్టూడియో రోజుల్నుంచీ ఇంతే.

మొన్న ఫిబ్రవరిలో నడిమి ఆకులు ఎర్రబడ్డాయి. మళ్లీ ఏదో ఓవరైందని గాభరాపడ్డాను. కాదట, పూతకొచ్చే ముందు అలా సిగ్గుపడుతుందట. నాలుగు రోజులకు ఎర్రటి మొవ్వలోంచి సన్నటి గొట్టం పువ్వు ఒకటి నిటారుగా లేచింది, కొసన పసుపు పుప్పొడి. ఒక మొక్కకు పూత ఒక్కసారే. పూశాక పక్కన పిలకలు పెట్టి, తీరిగ్గా తప్పుకుంటుంది.

ఎడమ కన్ను మూసి చూశాను. ఊదా రంగు, ఎప్పుడూ చూడనంత ఊదా. కుడి కన్ను మూసి, ఇంకా శుక్లం ఉన్న కంటితో చూశాను. నానబెట్టిన కుంకుడుకాయ తొక్క రంగు. రెండుసార్లు అటూ ఇటూ మార్చి చూసి, నమ్మకం చాలక మా ఆవిణ్ణి పిలిచి ఏం రంగో చెప్పమన్నాను.

"పెళ్లిచూపుల నాడు నేను కట్టుకున్న చీర రంగు," అంది.

ఆ రోజు ఫోటో తీసింది నేనే. బ్లాక్ అండ్ వైట్ రీలు.